ఉమ్మడిగా ఒకటే మిగిలిన సంఖ్యలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత నెల ఈ శీర్షికలో ఒక సంఖ్యకు కారణాంకాలు కనుక్కొనే పద్ధతిని వివరించాను. ఒక సంఖ్యను శేషం లేకుండా భాగించే సంఖ్యలే దాని కారణాంకాలని, 12కు 1, 2, 3, 4, 6, 12 అనే ఆరు కారణాంకాలు ఉంటాయని అప్పుడు చెప్పుకున్నాం. ఆ తరువాత నల్లగొండ, పాలమూరు వైపుల నుంచి వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం రెండు సంఖ్యలకు ఉమ్మడిగా ఉండే కారణాంకాల గురించీ, ముఖ్యంగా పరస్పర ప్రధాన సంఖ్యల గురించీ ఉన్నాయి. అందుకే ఈ నెల శీర్షికను పూర్తిగా వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి ఆరవ తరగతి చదువుతోంది. 8, 15 పరస్పర ప్రధాన సంఖ్యలని నోటుపుస్తకంలో రాసుకొచ్చింది. 8ని 2 భాగిస్తుంది, 15ను 3 భాగిస్తుంది. రెండింటిలో ఒక్కటీ ప్రధాన సంఖ్య కానప్పుడు అవి పరస్పర ప్రధాన సంఖ్యలు ఎట్లా అవుతాయని అడిగితే, బడిలో అట్లనే చెప్పారంటోంది. ఏది నిజం?
— ఒక తల్లి, దేవరకొండ

జవాబు: మీ అమ్మాయి రాసిందే సరైనదమ్మా. అయితే మీకు కలిగిన సందేహం అకారణమైనది కాదు. ఆ పేరులోనే 'ప్రధాన' అన్న మాట ఉండడం వల్ల, ఆ రెండు సంఖ్యలూ ప్రధాన సంఖ్యలై ఉండాలని ఎవరికైనా తోస్తుంది. పాఠ్యపుస్తకాలలో సాపేక్ష ప్రధాన సంఖ్యలు అన్నా, పరస్పర ప్రధానాంకాలు అన్నా ఉద్దేశించింది ఇదే కనుక, పేరు మార్చి చదివినంత మాత్రాన ఆ చిక్కు విడిపోదు.

1, తాను తప్ప వేరే కారణాంకం లేని 1 కంటే పెద్ద సంఖ్యే ప్రధాన సంఖ్య. అది ఒక్క సంఖ్యకు ఉండే లక్షణం. 7ను చూపించి ఇది ప్రధాన సంఖ్యేనా అని అడిగితే, పక్కన ఏ సంఖ్య ఉందో చూడకుండానే అవునని చెప్పవచ్చు. పరస్పర ప్రధానత అట్లాంటిది కాదు. అది రెండు సంఖ్యల మధ్య ఉండే వరుస. ఒక పెద్దమనిషిని చూపించి 'ఈయన వియ్యంకుడేనా' అని ఎవరైనా అడిగితే, 'ఎవరికి' అని మనం తిరిగి అడగక తప్పదు. 8 గురించి కూడా అంతే. 15తో దానికి ఆ వరుస కలుస్తుంది, 12తో కలవదు.

ఆ వరుస ఏమిటంటే, రెండు సంఖ్యల కారణాంకాలను పక్కపక్కన రాసినప్పుడు రెండు వరుసలలోనూ కనిపించేది 1 ఒక్కటే కావాలి. 8కి కారణాంకాలు 1, 2, 4, 8. 15కు కారణాంకాలు 1, 3, 5, 15. ఉమ్మడిగా ఉన్నది 1 మాత్రమే కనుక ఇవి పరస్పర ప్రధాన సంఖ్యలు. మీరు గమనించినట్లు 8ని 2 భాగిస్తుంది, 15ను 3 భాగిస్తుంది. కానీ ఒకదానిని భాగించేది రెండవదానిని భాగించడం లేదు, మనకు కావలసింది ఆ సంగతి మాత్రమే. అదే 8, 12 తీసుకుంటే 1, 2, 4 అనే మూడు సంఖ్యలు రెండింటినీ భాగిస్తాయి. వాటిలో పెద్దదైన 4ను గరిష్ఠ సామాన్య భాజకం, క్లుప్తంగా గ.సా.భా. అంటాం. గ.సా.భా. 1 అయిన జంటలే పరస్పర ప్రధాన సంఖ్యలు.

జంటలో ఒకటి ప్రధాన సంఖ్య అయినంత మాత్రాన కూడా ఏదీ తేలిపోదు. 7, 12 పరస్పర ప్రధాన సంఖ్యలే, కానీ 7, 14 కావు, ఎందుకంటే 14ను 7 భాగిస్తుంది. రెండు వేరువేరు ప్రధాన సంఖ్యలకు మాత్రం ఈ లక్షణం తప్పకుండా ఉంటుంది.

ఇంట్లో పాపతో కూర్చున్నప్పుడు ఒక మాట దగ్గర జాగ్రత్తగా ఉండండి. చాలామంది పిల్లలు 'ఈ రెండింటికీ ఉమ్మడి కారణాంకాలు లేవు' అని రాస్తారు. అది తప్పు. 1 ప్రతి సంఖ్యకూ కారణాంకమే కనుక, ఉమ్మడి కారణాంకం అసలు లేని జంట ఎక్కడా ఉండదు. '1 తప్ప వేరే ఉమ్మడి కారణాంకం లేదు' అని రాయడం అలవాటు చేయాలి. ఈ తేడా పరీక్షలో ఒక మార్కు కోసం చెబుతున్నది కాదు. ఉమ్మడిగా ఆ 1 మిగలడమే ఈ విషయమంతటికీ ప్రాణమని కింది జవాబులు చదివితే తెలుస్తుంది.

ప్రశ్న: నేను పోటీ పరీక్షలకు చదువుతున్నాను. చిన్న సంఖ్యలైతే కారణాంకాలు రాసి చూడగలుగుతున్నాను. 899, 1147 వంటివి ఇచ్చినప్పుడు మాత్రం 2, 3, 5, 7 అంటూ ఒక్కొక్కదానితో భాగించుకుంటూ పోవడానికే సమయమంతా చాలడం లేదు. దగ్గరి దారి ఏదైనా ఉందా?
— ఒక ఉద్యోగార్థి, కల్వకుర్తి

జవాబు: ఉంది. అది దగ్గరి దారే కాదు, చాలా పాత దారి కూడా. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో గ్రీకు గణితవేత్త యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' గ్రంథం ఏడవ భాగంలో మొదటి ప్రతిపాదనగా పరస్పర ప్రధాన సంఖ్యలను గుర్తించే ఈ పద్ధతినే పెట్టి, రెండవ ప్రతిపాదనలో దానితోనే గ.సా.భా. కనుక్కోవడం చూపించాడు. అంటే 1 మిగిలే సందర్భాన్ని ఆయన ముందుగా చెప్పాడన్న మాట.

ఒక కల్లంలో 899 వరి మోపులు, ఇంకొక కల్లంలో 1147 మోపులు ఉన్నాయనుకోండి. రెండు చోట్లా మోపులను ఒకే లెక్కన, ఒక్కటీ మిగలకుండా కుప్పలుగా పెట్టగలిగామంటే, 1147లోంచి 899 తీసివేసిన తరువాత ఉండే 248 మోపులు కూడా అదే లెక్కన సరిగ్గా కుప్పలై తీరాలి. కనుక 899కి, 1147కు ఉమ్మడిగా ఉన్న ప్రతి కారణాంకమూ 248కి కూడా కారణాంకమే. ఇక 1147ను పక్కన పెట్టి 899, 248 అనే చిన్న జంటను చూస్తే చాలు. 899ని 248తో భాగిస్తే శేషం 155. 248ని 155తో భాగిస్తే శేషం 93. 155ను 93తో భాగిస్తే శేషం 62. 93ను 62తో భాగిస్తే శేషం 31. 62ను 31తో భాగిస్తే శేషం సున్న. చివరిగా శేషం సున్న వచ్చేలా భాగించిన 31 వాటి గ.సా.భా. కనుక ఇవి పరస్పర ప్రధాన సంఖ్యలు కావు. సరిచూసుకోవాలంటే 899 అంటే 29, 31ల లబ్ధం, 1147 అంటే 31, 37ల లబ్ధం. మీ పద్ధతిలో 2 నుంచి 31 వరకు 11 ప్రధాన సంఖ్యలను ప్రయత్నించవలసి వచ్చేది; ఇక్కడ ఆరు భాగహారాలతో పని ముగిసింది.

ఇప్పుడు 899, 1001 తీసుకోండి. వరుసగా వచ్చే శేషాలు 102, 83, 19, 7, 5, 2, 1. శేషం 1 వచ్చింది కనుక ఇవి పరస్పర ప్రధాన సంఖ్యలు. ఇందులో నన్ను ఇప్పటికీ ఆకట్టుకొనే సంగతి ఏమిటంటే, ఆ రెండు సంఖ్యల కారణాంకాలలో ఒక్కటి కూడా వాడుకోకుండానే వాటికి 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదని మనం ఖాయంగా చెప్పగలిగాం.

పరీక్ష గదిలో ఇంకొంచెం సమయం కలిసివచ్చే చిట్కా కూడా ఇందులోనే ఉంది. మధ్యలో ఎక్కడైనా ప్రధాన సంఖ్య శేషంగా వస్తే, అది తనకు ముందున్న సంఖ్యను భాగిస్తుందా లేదా అన్నది ఒక్కటే చూడండి. పై లెక్కలో 19 రాగానే, అది 83ను భాగించదు కనుక అక్కడే ఆగిపోవచ్చు. ఇదే కారణంగా పక్కపక్కనే వచ్చే 35, 36 వంటి సంఖ్యలు ఎప్పుడూ పరస్పర ప్రధాన సంఖ్యలే, ఎందుకంటే వాటి భేదమే 1. పక్కపక్క బేసి సంఖ్యలు, అంటే 33, 35 వంటివి కూడా అంతే. వాటి ఉమ్మడి కారణాంకం భేదమైన 2ను భాగించాలి, కానీ బేసి సంఖ్యలను 2 భాగించదు, కనుక 1 మాత్రమే మిగులుతుంది.

ప్రశ్న: మా కొత్త ఇంటి హాలు 14 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు ఉంది. చతురస్రపు తాండూరు బండలు పరిపించాలనుకున్నాం. ఎక్కడా కోయకుండా వీలైనంత పెద్ద బండలు కావాలంటే, మేస్త్రి కోత తప్పదు అంటున్నాడు. అంగుళాలలో 168, 180 అవుతుంది కదా, వాటికి చాలా ఉమ్మడి కారణాంకాలు ఉన్నాయి కదా అన్నది నా వాదన.
— ఒక పాఠకుడు, నకిరేకల్

జవాబు: మేస్త్రి మాట నిజం. కోత లేకుండా నేలంతా నిండాలంటే బండ కొలత పొడవును, వెడల్పును రెండింటినీ సరిగ్గా భాగించాలి. అడుగుల లెక్కన 14, 15 పరస్పర ప్రధాన సంఖ్యలు కనుక ఆ కొలత 1 అడుగే అవుతుంది. అంగుళాలలోకి మారిస్తే 168, 180ల గ.సా.భా. 12, 12 అంగుళాలంటే మళ్లీ 1 అడుగే. కొలిచే ప్రమాణం మారితే సంఖ్యలు పరస్పర ప్రధానం కాకుండా పోవచ్చు గానీ, వాటిని కొలవగల పెద్ద బండ మారదు. అంగుళాల వల్ల ఏదైనా తేడా రావాలంటే గది కొలతే వేరుగా ఉండాలి. ఉదాహరణకు గిలాబు పూర్తయిన తరువాత వెడల్పు 14 అడుగుల 6 అంగుళాలు ఉంటే, 174, 180ల గ.సా.భా. 6 అంగుళాలు, అప్పుడు అడుగు బండ కూడా సరిపడదు.

దీనిని కాగితం మీద కూడా చూడవచ్చు. 15కు 14 ఉన్న దీర్ఘచతురస్రంలోంచి అతిపెద్ద చతురస్రం కత్తిరిస్తే 1 అడుగు వెడల్పు ఉన్న సన్నని పట్టీ మిగులుతుంది. అదే మీ హాలు 15కు 12 అయి ఉంటే, 12 అడుగుల చతురస్రం తీసివేశాక 3 అడుగుల పట్టీ మిగిలి, అది నాలుగు చతురస్రాలుగా సరిగ్గా తెగేది. అప్పుడు 3 అడుగుల బండలు 20 పరిస్తే ఎక్కడా కోత ఉండేది కాదు. పై జవాబులో చెప్పిన భాగహారాల వరుసకు ఇది బొమ్మ రూపం.

ఇక మీ ఇంటి విషయానికి వస్తే, అడుగు బండలు 210 పరిపించడం కంటే 2 అడుగుల బండలు తీసుకోవడమే మేలని నాకు అనిపిస్తుంది. అవి 49 నిండుగా పడతాయి. మిగిలిన 1 అడుగు పట్టీకి సగం ముక్కలు ఏడు కావాలి, అంటే నాలుగు బండలను మధ్యకు కోస్తే చాలు. సందుల మందాన్ని లెక్కలోకి తీసుకోకపోతే మొత్తం 53 బండలలో మిగిలేది సగం బండ ఒక్కటే.

ఒకవేళ అడుగు బండలే పరిపిస్తే, ఒక మూల నుంచి ఎదుటి మూలకు దారం లాగి చూడండి. దారం 28 బండల మీదుగా పోతుంది గానీ, గది మధ్యలో ఎక్కడా నాలుగు బండలు కలిసే బిందువును తాకదు. 15కు 12 గదిలోనైతే అట్లాంటి బిందువులను రెండు చోట్ల తాకుతూ 24 బండల మీదుగా పోతుంది. పొడవు, వెడల్పు కూడి అందులోంచి గ.సా.భా. తీసివేస్తే దారం దాటే బండల సంఖ్య వస్తుంది.

ప్రశ్న: 6, 10, 15 పరస్పర ప్రధాన సంఖ్యలేనా? మూడింటినీ భాగించేది 1 ఒక్కటే. కానీ రెండేసి చొప్పున చూస్తే అట్లా లేదు. టెట్ తయారీలో ఈ అనుమానం వచ్చింది.
— ఒక పాఠకురాలు, సూర్యాపేట

జవాబు: మీ పరిశీలన చాలా చక్కగా ఉంది. మూడింటి గ.సా.భా. 1 కనుక మూడింటినీ కలిపి చూసినప్పుడు అవి పరస్పర ప్రధానాలే. అయితే 6, 10లకు 2, 10, 15లకు 5, 6, 15లకు 3 ఉమ్మడిగా ఉన్నాయి కనుక జంటలవారీగా పరస్పర ప్రధానాలు కావు. రెండు సంఖ్యలు ఉన్నప్పుడు ఈ తేడా రాదు, మూడు కాగానే వస్తుంది. పిల్లలకు బోధించేటప్పుడు 'ఏ రెండు తీసుకున్నా' అన్న మాట వేస్తున్నామో లేదో చూసుకోవాలి. పరస్పర ప్రధాన సంఖ్యల కనిష్ఠ సామాన్య గుణిజం, క్లుప్తంగా క.సా.గు., వాటి లబ్ధమే అన్న సూత్రం మూడు సంఖ్యలకు పనిచేయాలంటే ఈ రెండవ షరతే కావాలి. 6, 10, 15ల లబ్ధం 900, కానీ వాటి క.సా.గు. 30 మాత్రమే.

ప్రశ్న: ఏవో రెండు సంఖ్యలు అనుకుంటే అవి పరస్పర ప్రధానం కావడం అరుదా, తరచుగా జరిగేదా?
— తొమ్మిదవ తరగతి విద్యార్థి, గద్వాల

జవాబు: చిన్న ప్రయోగంతో మొదలుపెట్టు బాబూ. 1 నుంచి 10 వరకు రాసిన చీటీలను రెండు డబ్బాలలో వేసి, ఒక్కొక్క డబ్బా నుంచి ఒక చీటీ తీస్తే, వచ్చే జంటలు 100 రకాలు. ఓపికగా రాసి చూస్తే వాటిలో 63 జంటలు పరస్పర ప్రధానాలు. చీటీల సంఖ్యను వేలకు, లక్షలకు పెంచుతూ పోతే ఈ వాటా నూటికి దాదాపు 61 దగ్గర నిలబడుతుంది.

కారణం ఇది. రెండు సంఖ్యలూ సరి సంఖ్యలయ్యే అవకాశం నాలుగింట ఒకటి, కనుక 2 అడ్డురాని అవకాశం నాలుగింట మూడు. అట్లాగే 3 అడ్డురాని అవకాశం తొమ్మిదింట ఎనిమిది, 5 అడ్డురాని అవకాశం ఇరవై అయిదింట ఇరవై నాలుగు. ఇట్లా ప్రధాన సంఖ్యలన్నింటికీ వచ్చే భిన్నాలను గుణించుకుంటూ పోవాలి. మొదటి మూడింటికే 0.64కు దిగుతుంది, అక్కడి నుంచి చాలా నెమ్మదిగా తగ్గుతుంది. ఆ అంతులేని లబ్ధం చివరికి 6ను π (పై) వర్గంతో భాగిస్తే వచ్చే 0.6079 అవుతుంది. దానికి ఆధారమైన మొత్తాన్ని 18వ శతాబ్దంలో గణితవేత్త ఆయిలర్ కనుక్కున్నాడు. వృత్తం పరిధికీ వ్యాసానికీ మధ్య ఉండే పై, ఉమ్మడి కారణాంకాల లెక్కలోకి రావడం గణితంలోని గొప్ప ఆశ్చర్యాలలో ఒకటి. పై తరగతులలో దీని నిరూపణ చదివే రోజు నీకు తప్పక రావాలని కోరుకుంటున్నాను.

ప్రశ్న: భిన్నాలను సూక్ష్మీకరించడానికి తప్ప వీటితో బయటి లోకంలో పని ఉందా?
— డిగ్రీ విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: ఇంటర్నెట్‌లో మాటలను రహస్యంగా పంపే పద్ధతులలో ప్రసిద్ధమైనది రివెస్ట్, షమీర్, ఆడల్‌మన్ అనే ముగ్గురు 1977లో రూపొందించిన ఆర్‌ఎస్‌ఏ పద్ధతి. దాని తాళం, తాళంచెవి రెండూ పరస్పర ప్రధాన సంఖ్యల మీదే నిలబడి ఉన్నాయి. అసలు పద్ధతిలో వందల అంకెలున్న సంఖ్యలు వాడతారు. మనం చేతిలెక్కకు లొంగే సంఖ్యలతో చూద్దాం.

3, 11 అనే ప్రధాన సంఖ్యలను గుణిస్తే 33. ఒక్కొక్కదానిలో 1 తగ్గించి గుణిస్తే, అంటే 2ను 10తో గుణిస్తే 20. ఇప్పుడు 20తో పరస్పర ప్రధానమైన సంఖ్యను తాళంగా ఎంచుకోవాలి, 3 తీసుకుందాం. 3ను 7తో గుణిస్తే 21, దానిని 20తో భాగిస్తే శేషం 1, కనుక 7 తాళంచెవి. పంపవలసిన సంఖ్య 4 అయితే దాని ఘనం 64, 33తో భాగిస్తే శేషం 31. పంపేది ఈ 31. అందుకున్నవారు 31ని ఏడుసార్లు వేసి గుణించి, 33తో భాగించి శేషం చూస్తే మళ్లీ 4 వస్తుంది.

పరస్పర ప్రధానం కాని 5ను తాళంగా పెడితే ఏమవుతుందో చూడండి. 4ను అయిదుసార్లు గుణిస్తే 1024, 33తో భాగిస్తే శేషం 1. 1ని అయిదుసార్లు గుణించినా శేషం 1. రెండు వేరువేరు సందేశాలు ఒకే రూపంలోకి మారిపోయాయి, ఇక ఏ తాళంచెవీ వాటిని విడదీయలేదు. 5ను ఏ సంఖ్యతో గుణించి 20తో భాగించినా శేషం 0, 5, 10, 15లలో ఒకటే వస్తుంది గానీ 1 ఎన్నటికీ రాదు. దేవరకొండ తల్లికి రాసిన జవాబులో ఆ 1ని గురించి అంతగా చెప్పింది ఇందుకే.

ప్రశ్న: మా బోరు మీద ఆరుగురం వాటాదారులం. రోజుకొకరి వంతు చొప్పున ఆరు రోజులకొకసారి నాకు నీళ్లు వస్తాయి. మా ఊరి అంగడి ప్రతి బుధవారం. కూరగాయలు అమ్మడానికి అంగడికి నేనే పోవాలి. జూన్ 10 బుధవారం నాడు వంతు, అంగడి రెండూ ఒకే రోజు పడి చాలా ఇబ్బంది అయింది. మళ్లీ ఎప్పుడు పడతాయి, తప్పించే మార్గం ఉందా? ఇంకొక వింత ఏమిటంటే, పాల బిల్లు సరిగ్గా 15 రోజులకొకసారి ఇస్తారు, అది నా వంతు రోజున ఇప్పటివరకు ఒక్కసారి కూడా పడలేదు.
— ఒక రైతు, పెబ్బేరు ప్రాంతం

జవాబు: మీ ఉత్తరంలోని రెండు అనుభవాలూ ఒకే విషయానికి రెండు ముఖాలు. అందుకే దీనిని చివరికి ఉంచి కొంచెం వివరంగా రాస్తున్నాను.

మొదట అంగడి సంగతి చూద్దాం. ఆరు రోజులంటే వారానికి ఒక రోజు తక్కువ, కనుక మీ వంతు ప్రతిసారీ ఒక వారం పేరు వెనక్కి జరుగుతుంది. బుధవారం తరువాత వంతు మంగళవారం, ఆ తరువాత సోమవారం, ఆదివారం, శనివారం, శుక్రవారం, గురువారం మీదుగా తిరిగి బుధవారానికి వస్తుంది. ఏడు వంతులంటే 42 రోజులు. 6, 7 పరస్పర ప్రధాన సంఖ్యలు కావడం వల్ల మీ వంతు ఏ వారాన్నీ వదలకుండా అన్నింటినీ చుట్టి వస్తుంది. మీ వంతు ఏ రోజున మొదలుపెట్టుకున్నా సరే, 42 రోజులలో ఒక్కసారి, సరిగ్గా ఒక్కసారే, అంగడి రోజున పడక తప్పదు. మొదలు మార్చుకుంటే తేదీ మారుతుంది గానీ కలవడం ఆగదు.

పాల బిల్లు విషయం ఇందుకు పూర్తిగా భిన్నం. 6, 15లకు 3 ఉమ్మడి కారణాంకం. ఒక వంతు రోజును సున్న అనుకుని లెక్కపెడితే, మీ వంతులు 0, 6, 12, 18, 24, 30వ రోజులలో వస్తాయి. ఇవన్నీ 3తో నిశ్శేషంగా భాగించబడేవే. మొదటి బిల్లు ఆ మరుసటి రోజు వచ్చిందనుకుంటే, బిల్లులు 1, 16, 31, 46వ రోజులలో వస్తాయి. వీటిని 3తో భాగిస్తే ప్రతిసారీ శేషం 1. 15ను కూడా 3 భాగిస్తుంది కనుక ఎన్ని బిల్లులు గడిచినా ఆ శేషం మారదు. ఒక వైపు శేషం ఎప్పుడూ సున్న, ఇంకొక వైపు ఎప్పుడూ 1 అయినప్పుడు ఆ రెండూ ఒకే రోజున ఎట్లా కలుస్తాయి? మీ ఇంట్లో ఆ తేడా 1 కావచ్చు, 2 కావచ్చు. 3తో భాగించబడే తేడా మాత్రం కాదన్నది మీ అనుభవమే చెబుతోంది. ఒకవేళ ఒక్కసారి కలిసి ఉంటే, ఆ తరువాత 30 రోజులకొకసారి కలుస్తూనే ఉండేవి.

ఇది మన గణితంలో చాలా పాత ప్రశ్న. ఒక సంఖ్యతో భాగిస్తే ఇంత శేషం, ఇంకొకదానితో భాగిస్తే అంత శేషం వచ్చే సంఖ్య ఏదని అడిగి, దానిని కనుక్కొనే విధానాన్ని ఆర్యభటుడు 499లో చెప్పాడు. తరువాతి వారు దానికి కుట్టకం అని పేరు పెట్టారు. ఇది మన కుట్టు మాట కాదు. సంస్కృతంలో నలగగొట్టేది అని అర్థం. పెద్ద సంఖ్యలను భాగించి భాగించి చిన్న శేషాలుగా నలగగొట్టడమే అందులోని పని, అంటే కల్వకుర్తి పాఠకుడికి చెప్పిన పద్ధతికి ఇది దగ్గరి చుట్టం.

కృష్ణా తీరం వారికి తెలిసిన ఉదాహరణ ఇంకొకటి చెబుతాను. పుష్కరాలు 12 ఏళ్లకొకసారి, సంవత్సరాల పేర్లు ప్రభవ నుంచి అక్షయ వరకు 60. 12, 60ల గ.సా.భా. 12 కనుక, 12 ఏళ్ల లెక్క తప్పనంత కాలం, 60 పేర్లలో 5 పేర్లకే కృష్ణా పుష్కరం దక్కుతుంది. 1992లో ఆంగీరస, 2004లో తారణ, 2016లో దుర్ముఖి అయ్యాయి, 2028లో కీలక రావాలి. పుష్కరాన్ని నిర్ణయించే బృహస్పతి రాశిచక్రం చుట్టి రావడానికి పట్టేది నిజానికి 12 ఏళ్ల కంటే కొంచెం తక్కువ, దాదాపు 11.86 ఏళ్లు, కనుక ఈ వరుస ఎల్లకాలం ఇట్లాగే సాగదు. అదే పుష్కరం 7 ఏళ్లకొకసారి వచ్చేదైతే, 7, 60 పరస్పర ప్రధాన సంఖ్యలు కనుక 60 పేర్లలో ఒక్కటీ మిగలకుండా అన్నింటికీ ఆ భాగ్యం కలిగేది.

ఇక మీకు పనికివచ్చే మాట. వాటాదారులు ఏడుగురు అయితే మీ వంతు ఎప్పటికీ ఒకే వారం నాడు వస్తుంది, బుధవారం కాకుండా చూసుకుంటే సరిపోతుంది. కానీ దానికి ఇంకొకరిని చేర్చుకోవాలి, లేదా వారంలో ఒక రోజు మోటరు ఆపి ఉంచాలి, అది ఆరుగురూ ఒప్పుకోవలసిన సంగతి. అంతకంటే తేలికైనది, 42 రోజులకు ఒక్కసారే కనుక ఆ ఒక్క రోజు మీ ముందు రోజు వాటాదారుతో వంతు మార్చుకోవడం. ఈ ఏడాది మీకు ఆ అవసరం జూలై 22న, ఆ తరువాత సెప్టెంబర్ 2న పడుతుంది. ఆ తేదీలను ఇప్పుడే క్యాలెండర్ మీద గుర్తు పెట్టుకుని, పక్క వాటాదారుతో ముందుగానే మాట్లాడి ఉంచండి.